ఈశ్వరాచారి శ్రుతిపెట్టె

కరోనా తగ్గి అంగళ్లు మళ్లీ తెరిచిన మరుసటి ఏడాది, ఎండాకాలం. నంద్యాలలో మా ఇంటి ముందు గదిలోనే నేను పీసీబీలు చెక్కుతుంటాను. పీసీబీ అంటే రేడియో గానీ మిక్సీ గానీ ఏది విప్పినా లోపల కనిపించే పలక. దాని మీది రాగి గీతల గుండానే కరెంటు పోతుంది. కంపెనీ మూతపడి విడిభాగాలు దొరకని సామాన్లకు కొత్త పలక చేసివ్వడం నా పని. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఈ పని నేర్పింది మా ఆయన ఖాదర్.

మా ఆయన బతికున్న రోజుల్లో మెషిన్ ఎక్కడిది? రాగి పలక మీద గీతలు చేత్తోనే గీయాలి. ఆయన గీస్తే గీత లావయ్యేది, పక్క గీతకు అంటుకునేది. నేను పెళ్లిళ్లకు మెహందీ పెట్టేదాన్ని. ఒకరోజు చూసి చూసి విసుగొచ్చి, కోన్‌లో ఎనామిల్ పెయింట్ పోసి పలక లాక్కున్నాను. ఆ రోజు నుంచి గీతలన్నీ నావే. పెయింట్ ఆరాక ఫెర్రిక్ క్లోరైడ్ కలిపిన నీళ్లలో ముంచితే, పెయింట్ లేని చోట రాగిని ఆ మందు తినేస్తుంది. పెరట్లో ప్లాస్టిక్ తట్ట ఊపుకుంటూ, పిల్ల ముచ్చట్లు, ఇంటి ముచ్చట్లు చెప్పుకుంటూ కూర్చునేవాళ్లం. వేళ్లకు అంటిన మరక ఎంత తోమినా పోయేది కాదు. పెళ్లిళ్లలో ఆడవాళ్లు చూసి, నీ చేతికి మాత్రం ఈ రంగు ఎట్లా పండింది అని నవ్వేవాళ్లు.

ఆయన పోయాక, పాలిటెక్నిక్ చదివిన మా పాప నస్రీన్ చిన్న సీఎన్‌సీ మెషిన్ తెప్పించింది. కుట్టుమిషన్ అంత ఉంటుంది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను బట్టి, సూదిమొన లాంటి వీ-బిట్ గిర్రున తిరుగుతూ రాగిని గీరుతుంది. మందులాగా అక్కరలేని రాగినంతా తీసేయదు. ఒక గీతకూ పక్క గీతకూ నడుమ సన్నటి సందు చెక్కి వదిలేస్తుంది. మరకలు లేవు, వాసన లేదు. మాటలు కూడా లేవు, ఆ మోతలో ఎవరితో మాట్లాడతాం?

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి మోహనాచారి వచ్చాడు. విగ్రహాలు చెక్కే ఇంటివాడు, కనుబొమల మీద ఇంకా రాతిపొడి ఉంది. సంచిలోంచి అతను తీసిన టేకు పెట్టెను చూడగానే గుర్తుపట్టాను. భజనలో పాట వెనక ఆగకుండా ఒకే స్వరం పలికే శ్రుతిపెట్టె అది. అతని తండ్రి ఈశ్వరాచారి కోసం మా ఆయన చేసిచ్చింది.

"దసరాకు శబ్దం పోయిందక్కా. ఆ పొద్దు నుంచి మా నాయన ఒక్క తత్వం పాడలే," అన్నాడు.

కొత్తది కొనివ్వలేదా అని అడిగాను. కొనిచ్చాడట. ఫోన్‌లో ఉన్న పాత భజనలు విని, పాత పెట్టె స్వరానికే సరిగ్గా తిప్పి పెట్టాడట. పెద్దాయన కొన్నాళ్లు దానితో కుస్తీపట్టి, ఇది నాకు పలకదు అని మూలకు నెట్టేశాడట.

"రాతిదుమ్ము రొమ్ముకు పట్టి ఉలి ఎప్పుడో ఇడిసిపెట్టినాడు. మిగిలింది ఆ పాటొకటే. అదీ పోతే మనిషి మంచానికి అంటుకుపోతాడని భయంగా ఉండాది," అన్నాడు మోహనాచారి.

పెట్టె విప్పాను. బ్యాటరీలు కారి పలకకు ఒక మూల పచ్చగా చిలుము పట్టింది. అక్కడి గీతలను అది పూర్తిగా తినేసింది. మిగతా సామానంతా బాగుంది. నడుమ ప్రీసెట్ ఉంది. అది చిన్న మర, స్క్రూడ్రైవర్‌తో తిప్పితే స్వరం పెరుగుతుంది, తగ్గుతుంది. మామూలుగా ఆ మర పెట్టె బయటే ఉంటుంది. భజన గుడిలో చెయ్యి పెట్టనివాడు ఉండడని మా ఆయన దాన్ని లోపల పెట్టాడు. ఈశ్వరాచారిని ఎదురుగా కూర్చోబెట్టి పాడించుకుని, ఆ గొంతుకు సరిపోయేట్టు తిప్పి, కదలకుండా పైన గోళ్లరంగు చుక్క వేశాడు. ఆ గోళ్లరంగు నాదే. సీసా ఎండిపోయి పారేసి ఎన్నేళ్లయిందో, చుక్క మాత్రం నిన్న పెట్టినట్టు గులాబీగా ఉంది.

నస్రీన్ పాత పలకను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. చిలుము తిన్న మూలలో గీతలు ఎటు పోతాయో తెలియలేదు. నేను పక్కన కూర్చుని, ఇది ఇట్లా వంగి దాని కిందుగా పోతుంది అని వేలితో చూపించాను. చేత్తో గీసింది చెయ్యి మరిచిపోదు. మొదటి పలక పాడైంది. కదలకుండా కింద అంటించిన టేపు మీద అది వెంట్రుకవాసి వంగింది, ఒక పక్క లోతుగా తెగింది, ఇంకో పక్క గీత పడనే లేదు. రెండోసారి ఆటో-లెవలింగ్ పెట్టాం. అంటే చెక్కే ముందు బిట్ పలకను అక్కడక్కడా తాకి ఎత్తుపల్లాలు చూసుకుంటుంది. ఈసారి శుభ్రంగా వచ్చింది.

నేను ముక్కుకు గుడ్డ కట్టుకోవడం చూసి మోహనాచారి నవ్వాడు. "ఇంత దుమ్ముకేనా అక్కా? మా ఇంట్లో సంగటిలో ఇంతకంటే ఎక్కువుంటాది."

రాగి కింది పలక గాజునారతో చేసింది, ఇది గాజుపొడి, నువ్వు కూడా కట్టుకో అన్నాను. తండ్రి గుర్తొచ్చాడేమో, నవ్వు ఆపి భుజం మీది తువ్వాలు కట్టుకున్నాడు.

గోళ్లరంగు చుక్క చెదరకుండా ప్రీసెట్‌ను కొత్త పలకలోకి మార్చాను. బ్యాటరీలు వేసి స్విచ్ నొక్కగానే పాత స్వరమే పలికింది. మా ఆయన పక్కగదిలో ఉన్నట్టే అనిపించింది. బస్సులో పంపడానికి మనసొప్పక నేనే ఆళ్లగడ్డకు పోయాను.

ఈశ్వరాచారి మంచం మీద కూర్చుని పెట్టెను చేత్తో తడిమాడు. తత్వం ఎత్తుకున్నాడు. రెండో చరణం పైకి పోయేచోట గొంతు విరిగి దగ్గొచ్చింది. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే ఆగింది. తనే స్విచ్ ఆపేశాడు.

"పెట్టె బాగుండాదమ్మా. ఖాదర్ భాయ్ చేసినట్టే ఉండాది. నాకే అందడంల్యా," అన్నాడు.

పెట్టె చెడిపోయిందనుకున్నన్నాళ్లు, బాగైతే పాడతానన్న ఆశ ఉండింది ఆయనకు. బాగుచేసి ఆ ఆశ నేనే తీసేసినట్టయింది. మోహనాచారి బయటికి పోయి రాయి అరగదీసే గ్రైండర్ ఆన్ చేసుకున్నాడు.

కోడలు టీ తెచ్చింది. గ్లాసు పట్టుకుని పెద్దాయన ఏదో సణుగుతున్నాడు. చెవి పెట్టి విన్నాను. అదే చరణం. గొంతు విరగడం లేదు, స్వరం మాత్రం పెట్టె కంటే బాగా కింద ఉంది. వయసుతో గొంతు దిగింది, పెట్టె దిగలేదు. కొడుకు కొత్త పెట్టెను కూడా తెచ్చి ఆ పాత స్వరానికే కట్టేశాడు.

పెట్టె విప్పి స్క్రూడ్రైవర్ తీశాను. పెద్దాయన చూశాడు.

"వద్దమ్మా. అది మీ ఆయన పెట్టిన గుర్తు."

"అప్పటి నీ గొంతు విని ఆయన పెట్టినాడు పెద్దాయనా. ఇప్పటిది విని నేను పెడతా," అన్నాను.

గోళ్లరంగు పెచ్చుగా లేచి వచ్చింది. మర కొంచెం తిప్పాను. దించు అన్నాడు. దించాను. ఇంకొంచెం అన్నాడు. ఆపు అన్నాడు. పాడాడు. నడుమ నడుమ ఊపిరికి ఆగుతూ, చివరి దాకా పాడాడు. బయట ఆడుతున్న గ్రైండర్ ఆగిపోయింది.

పాట అయ్యాక ఆయన నా వైపు చూసి నవ్వాడు. "నా గొంతుకు తాళమేసి తాళంచెవి తీసుకపోయినాడమ్మా మీ ఆయన."

బాగుచేయడమంటే ముందెట్లా ఉందో అట్లా చేసి ఇవ్వడమే అని అంతవరకు అనుకునేదాన్ని. ఇప్పుడు ఏ సామాను వచ్చినా, వాడేవాళ్లు ఇప్పుడెట్లా ఉన్నారని ముందు అడుగుతాను. మర అందేట్టు పెట్టెకు చిన్న బెజ్జం వదులుతాను. ఆ రోజు ఈశ్వరాచారి పెట్టెకు మోహనాచారే తన డ్రిల్లుతో బెజ్జం పెట్టాడు.

ఆ చలికాలంలో అతను ఫోన్ చేశాడు. పెద్దాయన ఎవరినీ పిలవకుండా, తనే స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని ఇంకొంచెం దించుకున్నాడట.