మెక్సికో జొన్నరొట్టె

మూడో తరగతి చదివే మా పాప ఈ రోజు ఏదైనా విదేశీ వంటకం తీసుకెళ్లి క్లాసులో దాని గురించి చెప్పాలి. ఆ సంగతి పొద్దున బడికి బయల్దేరేటప్పుడు చెప్పింది. మా అమ్మ చేసిన జొన్నరొట్టె మీద టమాటా ముక్కలు చల్లి, మెక్సికో వంటకమని చెప్పమన్నాను.

సాయంత్రం బడి దగ్గర టీచరమ్మ నన్ను చూసి నవ్వింది. క్లాసులో ఏం చెప్పావని పాపను అడిగాను.

‘‘ఇది మా నాయనమ్మ చేసిన జొన్నరొట్టె, మెక్సికోదని మా నాయన చెప్పమన్నాడు అని చెప్పినా.’’

‘‘నా పేరెందుకు చెప్పినావమ్మా?’’

‘‘ఎవరు చెప్పినారో రాయకుండా వార్త పంపొద్దని ఫోన్లో మీ పేపర్ రిపోర్టర్లందరి మీదా అరుస్తావు కదా నాయనా!’’

బండి స్టార్ట్ చేశాను గానీ టీచరమ్మ వైపు చూడలేకపోయాను. పిల్లతో అబద్ధం చెప్పించబోయింది నేనే. పాపకు దారిలోనే సారీ చెప్పాను, టీచరమ్మకు రేపు చెప్పాలి. మీ ఇళ్లలో ఏ దేశపు వంటలు తయారయ్యాయో మీరూ ఒప్పుకోండి.