అక్క గరిక, నా వట్టివేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తొలి విత్తనం వేసే చెయ్యి నాది కాదు. మృగశిర కార్తెలో మొదటి సాలు తోలగానే మా అవ్వ గుప్పెడు జొన్నలు తీసి మా పెద్దబాపు కూతురి దోసిట్లో పోసేది. ఆ అక్క చెయ్యి వాసిగలదని, అది వేసిన గింజ వట్టిపోదని అవ్వ నమ్మకం. నేను చెప్పబోయే ఏడు అక్కకు పన్నెండేళ్లు, నాకు పది నిండి రెండు నెలలు. ఆ కొద్ది తేడాలో వాసి ఎక్కడ దాగి ఉందో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టేది కాదు. అక్క పిడికిలి విప్పుతుంటే చూడలేక ఎడ్ల వెనక్కి పోయి నిలబడేదాన్ని.

మా చెలక కేతేపల్లి దిక్కున, ఏటవాలుగా ఉండే ఎర్రనేల. మా బాపుకూ పెద్దబాపుకూ ఉమ్మడి. కింది అంచున ఒర్రె ఉండేది. వానకాలంలో మాత్రమే పారే ఆ చిన్న వాగు ఏటేటా చెలకను కొరుక్కుంటూ పైకి వచ్చేది. అందులో మా ఇంటి మగవాళ్ల పౌరుషం పాలు చాలా ఉంది. రోహిణి కార్తెలో అన్నదమ్ములిద్దరూ పారలు పట్టుకుని గట్ల మీద గడ్డిపోచ మిగలకుండా చెక్కేవారు. గట్టు మీద గడ్డి కనిపిస్తే సోమరుల ఇల్లని ఊళ్లో చెప్పుకునేవారు. అన్న గట్టు కంటే తమ్ముడి గట్టు నున్నగా ఉండాలి, తమ్ముడి గట్టు కంటే అన్నది ఇంకా నున్నగా ఉండాలి. అంత కష్టపడి చెక్కిన గట్లను మొదటి పెద్దవాన కరిగించి ఒర్రెలో పోసేది.

ఆ ఏడు అవ్వ పారలు రెండూ అటక మీద పెట్టించింది. ఇంకొక్క వానకాలం ఇలాగే కోస్తే, రెండిళ్లకూ జొన్నలు పండే కింది చెలక ఉండదని ఆమె భయం. పానగల్‌లో ఉన్న తన చెల్లెలి ఇంటికి పోయి, కాలువ గట్టు మీది గడ్డి మూటకట్టుకుని వచ్చింది. మా బాపు నవ్వాడు.

“ఏందే అమ్మా, జనమంతా గడ్డి పీకుతాంటే నువ్వు నాటుతవా? ఊరంతా నవ్వుతరు.”

“నవ్వనియ్ బిడ్డా. నవ్వుతే మట్టి కొట్టుకపోదు.”

ఆ పని కొడుకులకు చెప్పలేదు, మా ఇద్దరికీ అప్పగించింది. తడిపిన గోనెసంచి కింద రెండు కట్టలు పెట్టి, చూసి ఏరుకొమ్మంది. ఒకటి గరిక, కణుపు కణుపుకూ వేరు దిగి పచ్చగా మెరుస్తోంది. రెండోది వట్టివేరు పిలకలు. ఆకును జానెడు మిగిల్చి కోసేయడంతో అరిగిపోయిన చీపుర్లలా ఉన్నాయి. పెద్దది కాబట్టి అక్క ముందు వంగింది, గరిక ఎత్తుకుంది. జాగా కూడా దానికి కింది గట్టు పై వాలు దొరికింది, నాకు దాని కింద ఒర్రె అంచు. అవ్వ చెంబుతో నీళ్లు పోస్తూ, అవి ఎటూ జారకుండా నిలిచిన చోటల్లా పుల్లతో గీసుకుంటూ పోయింది. ఆ గీత వెంట బెత్తెడుకొకటి చొప్పున పిలకలు నాటాను.

ఆరుద్ర కార్తె వచ్చేసరికి అక్క వాలు పచ్చబడింది. దారినపోయేవాళ్లు ఆగి, ఎవరి చెయ్యో కానీ చల్లగుండాలని అనేవారు. నా వరుసలో ఒక్క పిలకా లేవలేదు. పొద్దున్నే పోయి నా పిలకలకు నీళ్లు పోసి, తల ఎత్తి గరికను చూసేదాన్ని.

“నీ చీపుర్లు ఇంక లేవలేదా పిల్లా?” అని అక్క పైనుంచి కేకేసేది. “ఇల్లూడ్వనన్న పనికొస్తయేమో సూడరాదు!”

దాని గరికను మేకలు మేయాలని మొక్కుకున్నాను. నిజంగానే మేశాయి. మేసిన చోట ఇంకా ఒత్తుగా మొలిచింది. ఆ తర్వాత నా పిలకలు కూడా సన్నగా ఆకు తొడిగాయి కానీ, ఇంట్లో ఎవరూ చూడలేదు.

పుబ్బ కార్తెలో రోజంతా ఆగకుండా వాన కొట్టింది. తెల్లారి అందరం చెలకకు పరుగెత్తాం. అక్క వాలు మధ్యలో గరిక ఇంకా అల్లుకోని చోట నీళ్లు దారి చేసుకున్నాయి. అక్కడి మట్టి గరిక తీగలతో సహా జారి వచ్చి, నా వరుస దగ్గర ఆగిపోయింది. పిలకల వెనక బెత్తెడు మందం కొత్త మట్టి, అలికిన అరుగులా చదునుగా ఉంది. ఒర్రె అంచు నిరుడు ఎక్కడుందో అక్కడే ఉంది. మా బాపు దాని మీద కాలు పెట్టి చూసి మళ్లీ నవ్వలేదు.

నా సంతోషం అక్క నోరు తెరిచేదాకే నిలిచింది.

“గది నా మట్టి. నా జాగల నుంచి వచ్చింది.”

“నా కాడికొచ్చి ఆగింది. నాదే!”

“అయితే గంపల ఎత్తుకపో” అంది అవ్వ తాపీగా. అక్క గంప కోసం నిజంగానే ఇంటికి పరుగెత్తింది. గంపతో తిరిగి వస్తూ దారిలోనే ఏడుపొచ్చేసి కూలబడిపోయింది కాబట్టి మట్టి అక్కడే ఉండిపోయింది. కొన్నాళ్లకు దాంట్లో కొట్టుకువచ్చిన గరిక తీగలు వేర్లు దింపి నా మట్టిని కప్పేశాయి. చూసినవాళ్లు మళ్లీ అక్క చేతినే మెచ్చుకున్నారు. ఇక నేను ఆగలేక, దాని గరిక మొత్తం పీకేస్తానని అవ్వ ముందు గొంతు చించుకున్నాను.

“పీకు” అంది అవ్వ. “అది పోతే నీ మట్టి ఆగది. నీ వట్టివేరు పోతే దాని గడ్డికి జాగ లేదు. మీ నాయినలు కుళ్లుకొని గెట్లు చెక్కిండ్రు. మీరు కుళ్లుకొని గడ్డి నాటిండ్రు. గీ చెలక మీ కుళ్లు మీదనే ఆగింది, ఎరికేనా?”

ఆ పని కొడుకులకు చెప్పకుండా మాకే ఎందుకు చెప్పిందో, ఇద్దరికీ ఒకే గడ్డి ఎందుకు ఇవ్వలేదో అప్పుడు తెలిసింది.

మరుసటి మృగశిరకు, కొట్టుకుపోకుండా మిగిలిన కింది చెలకలోనూ అరక కట్టారు. అవ్వ జొన్నలు మళ్లీ అక్క దోసిట్లోనే పోసింది. నేను ఎడ్ల వెనక్కి పోబోతుంటే పిలిచి, నా చేతికి నీళ్ల చెంబు ఇచ్చింది.

“నువ్వు ముంగట నడువు. నీళ్లు ఎటు పోతయో సూపియ్యి. అది నీ ఎనుక ఇత్తనం ఏస్తది.”

సగం సాలు నడిచాక అక్క వెనకనుంచి మెల్లగా అడిగింది, “జరసేపు చెంబు నాకిస్తవా?” ఇవ్వనన్నాను.

నాకిప్పుడు డెబ్బై నాలుగు. తెలంగాణ వచ్చాక చెరువుల్లో పూడిక తీసి ఆ మట్టిని చెలకలకు తోలుతుంటే, పక్క చెలకలో నాకంటే రెండు ట్రాక్టర్లు ఎక్కువ పడ్డాయని ఆ రోజు అన్నం సయించలేదు. కుళ్లు తగ్గే వయసు నాకింకా రాలేదు. అయితే అది కడుపులో రగిలినప్పుడల్లా, ఇప్పుడు నా చెయ్యి పార మీదికి పోతోందా, పిలక మీదికి పోతోందా అని ఒక్క క్షణం ఆగి చూసుకుంటాను. ఎక్కువసార్లు పిలక మీదికే పోతుంది. అన్నిసార్లూ అని రాస్తే లెక్క తప్పుతుంది.