తినమని చెప్పేవాళ్లు

పుంగనూరు బస్టాండులో నా చంకకర్రను చూసి, "నీకోసం బస్సు నిలపాల్నా? వెనక బస్సుకు రాప్పా" అన్న కండక్టరు మొహం నేనింకా మరిచిపోలేదు. ఆ బస్సు వెళ్లిపోయాక బెంచీ మీద కూర్చుని అతని మీద ఫిర్యాదు రాస్తున్నాను. పక్కన చూపులేని పెద్దాయన ఒకాయన సంగటి డబ్బా తెరిచి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉండిపోయాడు.

"యాలప్పా తినకుండా ఉండారు, ఉప్పు మరిసినారా?" అని అడిగాను.

"ఉప్పుండాది. తినమని సెప్పేవాళ్లు లేరు," అని నవ్వాడు. "నలభై ఏండ్లు అంధుల హోములో ఉంటిని. ఆడ వార్డెను తినమంటేనే ముట్టాల. ఇప్పుడు కుప్పంలో ఒక్కణ్ణే ఉండాను. పక్కింటామె గోడవతల నుంచి సెప్తాది."

"తినప్పా," అన్నాను. తిన్నాడు.

నా ఫిర్యాదుకు జవాబు రాలేదు. మదనపల్లెలో నా గదిలో కంచం ముందు కూర్చున్నప్పుడల్లా, "తినప్పా" అని పైకే అనుకుంటున్నాను.