దుమ్ము మూట

రాయకూడదనే అనుకున్నాను. దూదేకే మామ పోయాడని మా వీధిలో ఒకాయన చెప్పి, అదే నోటితో పాలెందుకు పలచబడ్డాయని పాలవాణ్ణి అడిగాడు. ఇలాంటి ఊరికి చెప్పి ఏం లాభమని కలం మూశాను. కోపం మూతపడలేదు.

నంద్యాలలో మామది మా పక్కిల్లు. పాత పరుపు విప్పి, అట్టకట్టిన దూదిని విల్లుతో కొట్టి పొంగించి, మళ్ళీ కుట్టేవాడు. "సచ్చిన దూదికి ప్రాణమెట్లా పోస్తావు మామా?" అంటే, "దూది సావదప్పా, అలిసిపోతాది. నాలుగు తంతే లేస్తాది" అనేవాడు.

ఆ విల్లు మనిషికన్నా పొడుగు. దానితో బస్సెక్కితే కండక్టరు, "ఏందప్పా, యుద్ధానికి పోతాండావా?" అనేవాడు. "ఊఁ, దుమ్ము మీదికి" అని మామ జవాబు. సరే, పక్కదారి పట్టాను.

ఆ బస్సులో ఏటా ఎండాకాలం ఆళ్లగడ్డ పోయి, అక్కడి హాస్టలు పరుపులన్నీ ఏకి వచ్చేవాడు. తొంభైల చివర్లో కొత్త వార్డెను వచ్చాడు. ఏకకముందు తూచాడు, ఏకినాక తూచాడు. బరువు తగ్గింది.

"దూది యాడ దాచినావురా?" అన్నాడు, అందరి ముందర. తండ్రి వయసు మనిషిని!

"తగ్గింది దుమ్ము సార్. గాలికి పోయింది."

వార్డెను నవ్వి, పాతవన్నీ పెరట్లో కాల్పించి కొత్తవి తెప్పించాడు. ఇంకో పదేళ్లు పిల్లలను మోయగల దూది ఒక్క పూటలో బూడిదైంది. దొంగ అన్న మాట మాత్రం కాలలేదు. మామకంటే ముందే బస్సెక్కి నంద్యాల చేరింది. వీధిలో చాలామంది ఆయనకు పరుపులివ్వడం మానేశారు. నేనూ మానేశాను.

అప్పటినుంచి మామ ఆరుబయట ఏకలేదు. గది తలుపులు మూసుకుని ఏకి, రాలిన దుమ్మంతా ఊడ్చి మూటకట్టేవాడు. దూదితోపాటు దాన్నీ తక్కెట్లో పెట్టి, "సరిపోయిందా? ఇదో, మీ దుమ్ము మీరు తీస్కపోండి" అనేవాడు. మూడేళ్లకు సిగ్గు తెచ్చుకుని నేను మళ్ళీ పరుపిస్తే, నాకూ మూట కట్టాడు.

"నాకెందుకు మామా?"

"నీకే ముందు."

ఆ దుమ్మే ఆయన ఊపిరితిత్తులు తినేసింది. డాక్టరు చెప్పాడు, నేనూ చెప్పాను, తలుపు తెరిచి పని చెయ్యమని. "తెరిస్తే మళ్ళా దొంగనైతానప్పా" అన్నాడు దగ్గుతూనే.

ఇప్పుడు పెద్దలు వేదికలెక్కి, పాత బట్టను, పాత దూదిని మళ్ళీ మిల్లుకెక్కించి నూలు తీయాలని, అది రేపటి విద్య అని చెబుతున్నారు. రేపటిదట! ఆ విద్య వచ్చినవాణ్ణి గదిలో పెట్టి దగ్గించి చంపిన ఊరు ఇది. అందులో నా వాటా నాకుంది.

చివరిసారి ఏకమని ఇచ్చిన నా పరుపు దూది ఆయన దగ్గరే ఉండిపోయింది. నిన్న వెళితే అత్త తెచ్చి ఇచ్చింది. సగమే ఏకి ఉంది. దాని మీద ఇంకో చిన్న మూట పెట్టింది. విప్పి చూశాను. దుమ్ము. మళ్ళీ ముడివేసి, రెండూ ఇంటికి తెచ్చుకున్నాను.