ఆ ఎక్స్‌రే అక్కదేనా?

తెలంగాణ వచ్చే ముందు ఏడాది వానాకాలం. నాచారంలో ఒక బడిలో పాఠాలు చెప్పే మా అక్క స్వరూప, రెండు మూడు రోజులుగా జ్వరంతోనే బడికి వెళ్తోంది. ఆదివారం బావతో కలిసి ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి గోడ పట్టుకుని నిలబడిపోయింది. "జర ఆగు సుజాతా, దమ్ము అందుతలేదు" అంది నాతో. పెదవులు నీలంగా ఉన్నాయి. బావా నేనూ ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లాం.

న్యుమోనియా అన్నారు. మర్నాటికే ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారు. "ఏఆర్‌డీఎస్‌లోకి పోయింది. ఊపిరితిత్తుల్లో గాలి ఉండాల్సిన చోట నీరు చేరింది" అన్నారు డాక్టరమ్మ. నడిచి వచ్చిన మనిషి ఒక్కరోజులో ఇలా ఎలా అవుతుంది? తప్పు మందు ఇచ్చి దాస్తున్నారనుకున్నాను.

ఆ మర్నాడు ఐసీయూ తలుపు అద్దంలోంచి చూస్తే అక్కను బోర్లా పడుకోబెట్టారు. ముఖం కనిపించలేదు. "మీ అక్క బతికే ఉన్నదంటవా? మెషిన్ పెట్టి మనల్ని నమ్మిస్తున్రు. వేరే దవాఖానాకు తీస్కవోదాం" అన్నాడు బావ. నాకూ అదే భయం.

"బోర్లా ఉంటే ఊపిరితిత్తుల వెనకభాగం తెరుచుకుంటుంది. ఇప్పుడు కదిలిస్తే దారిలోనే ప్రాణం పోవచ్చు" అని డాక్టరమ్మ రెండు ఎక్స్‌రేలు చూపించారు. మొదటిరోజు తీసినదాంట్లో గాలితో నల్లగా ఉన్న చోటల్లా, ఆ రోజు తీసినదాంట్లో నీరు చేరి తెల్లబడింది.

"గిది మా ఆమెదేనని ఎట్ల నమ్మాలె?" అన్నాడు బావ.

అప్పుడు చూశాను. రెండింట్లోనూ మెడ కింది ఎముక వంకరగా అతుక్కుని ఉంది. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి అక్క విరగ్గొట్టుకున్న ఎముక. "అక్కదే బావా. కదిలించొద్దు" అన్నాను. మమ్మల్ని లోపలికి పిలిచి ముట్టుకోనిచ్చారు. వీపు వెచ్చగా ఉంది. బావ వేరే దవాఖానా ఆలోచన మానుకున్నాడు.

మధ్యలో మళ్లీ జ్వరం వచ్చింది, మందు మార్చారు. మళ్లీ అనుమానపడ్డాం, కానీ ఈసారి ఎందుకు మార్చారని డాక్టరమ్మనే నేరుగా అడిగాం. మెల్లగా ఆక్సిజన్ తగ్గిస్తూ చివరికి గొంతులోని ట్యూబ్ తీశారు.

ఇక అనుమానపడటం అక్క వంతు. "గీ నీళ్లల్ల ఏదో కలుపుతున్రు, నేను తాగ" అని గ్లాసు తోసేసింది. "డెలీరియం, అంటే కొన్నాళ్లు మతి తికమకపడటం. ఐసీయూలో చాలామందికి వస్తుంది, తగ్గిపోతుంది" అన్నారు డాక్టరమ్మ. బావ ఆ గ్లాసులో సగం తాగి, "సూడు, నాకేమన్న అయ్యిందా?" అన్నాడు. అప్పుడు తాగింది.

ఇప్పుడు అక్క మధ్యాహ్నం వరకే బడికి వెళుతుంది. మెట్లెక్కితే మధ్యలో ఆగుతుంది.

ఐసీయూ బయట కూర్చున్నవాళ్లు అనుమానాన్ని గుసగుసల్లో పెంచుకోకండి. రోజూ ఇంటి తరఫున ఒక్కరే వెళ్లి అడగండి: "నిన్నటికంటే ఆక్సిజన్ ఎక్కువ కావాల్సి వస్తోందా, తక్కువా?" తక్కువైతే కోలుకుంటున్నట్టు. అర్థం కాకపోతే మళ్లీ అడగండి.