నరసింహప్పను తన్నిన తుపాకి

తనకల్లు పక్కన మా ఊళ్లో లైసెన్సు తుపాకి ఉన్నది ఒక్క నరసింహప్పకే. వాళ్ల నాయన ఇచ్చిపోయిన పాత జంట గొట్టాల తుపాకి. వేరుశనగ చేల మీద అడవిపందులు పడితే గాల్లోకి ఒకటి పేల్చేవాడు. అవి పరుగో పరుగు.

రెండువేల రెండులో వానలు మొహం చాటేశాయి. నరసింహప్పకు బావి కింద అరెకరం పైరే నిలిచింది. సరిగ్గా అప్పుడే తుపాకి అతన్ని తన్నడం మొదలుపెట్టింది. పేల్చిన ప్రతిసారీ భుజం కమిలిపోయేది. తూటాలు ఎప్పుడూ వాడేవే, పాత గొట్టాలు తట్టుకునే తక్కువ మందువి. మరి దెబ్బ ఎందుకు పెరిగినట్టు? అది తేలేదాకా నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. ముసలితనం అన్నారు కొందరు, మందులో కల్తీ అన్నారు ఇంకొందరు. నోరుంది కదా, ఏమైనా అంటారు. భార్య లక్ష్మీనరసమ్మ ఉప్పు కాపడం పెడుతూ, ఆ పీడను అమ్మెయ్యమని పోరేది. అమ్మితే పైరు పందులపాలు. ఆ ఏడాది వాళ్ల తిండి ఆ అరెకరమే.

చివరికి నేనే అతన్ని కదిరికి లాక్కుపోయాను. తుపాకులు బాగుచేసే ఈశ్వరప్ప మరలు విప్పి, ఇనుమును భుజానికి ఆనే కర్ర నుంచి వేరుచేశాడు. రెండూ కలిసే చోట కర్రను బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగింది, జిడ్డు ఊరింది. ఇనుము కర్రను అంటుకుని కూర్చోవాలట. కర్ర మెత్తబడి సందు పడింది కాబట్టి, పేలినప్పుడు ఇనుము వెనక్కొచ్చి కర్రను గుద్దుతోంది, కర్ర భుజాన్ని గుద్దుతోంది. సన్నగా చీలిక కూడా పడింది. ఎక్కువ మందున్న తూటా పెట్టి ఉంటే కర్ర విరిగి మొహం పగిలేదన్నాడు.

"ఏం పూస్తాండావప్పా దీనికి?" అని అడిగాడు.

"శెనక్కాయ నూనె. వారం వారం పూసి గోడకు నిలబెడతా. మా నాయన తుపాకి గదన్నా," అన్నాడు నరసింహప్ప, గొప్పగా.

నిలబెడితే నూనె కిందికి జారి కర్రలో దిగి దాన్ని మెత్తబరుస్తుందని చెప్పి, బాగుచెయ్యడానికి నెల పడుతుందన్నాడు ఈశ్వరప్ప. తుపాకి అక్కడే ఉండిపోయింది.

ఇంటికొచ్చి నరసింహప్ప ఏదీ దాచకుండా భార్యకు చెప్పాడు. నూనె యాడిదని ఆమె అడిగింది. విత్తనాల గంప వెనక సీసా పెట్టుకున్నానన్నాడు.

"నూనె లేదని బిడ్డలకు ఉత్త సంగటి పెడితినే. నువ్వు కర్రకు తాపుతాంటివా?" అంది ఆమె.

నాకు అతని మీద ఒళ్లు మండింది, జాలీ వేసింది. ఆమె మాత్రం పొద్దు వాలకముందే, పందుల్ని బెదరగొట్టేందుకు వాయించే రేకుడబ్బా, కర్ర తీసుకుని చేనికి కావలి పోయింది.