జూన్ లెక్కలో గీజర్లు

నీళ్లు కాచే యంత్రాలు తయారుచేసే ఒక విదేశీ కంపెనీలో కొన్నేళ్లు పనిచేశాను. మా ఆఫీసు గుర్‌గావ్‌లో. అప్పటికి అక్కడికి మెట్రో రాలేదు. ఆఫీసు క్యాబ్ దిగి గాజు తలుపు దాటేలోపే చొక్కా వీపుకి అంటుకుపోయేది. బయట వడగాడ్పు, లోపల ఏసీ చలి, స్క్రీన్ మీద గీజర్ల అమ్మకాలు. ఏటా జూన్ ముగియగానే మా అసలు పని మొదలయ్యేది. ప్రపంచమంతా పరుచుకున్న కంపెనీకి ఆ ఆర్నెల్లలో ఏం జరిగిందో ఒకే పత్రంలో చెప్పాలి. మధ్యంతర ఏకీకృత ఆర్థిక నివేదిక అని దాని పేరు.

పేరు భయపెడుతుంది గానీ పని అర్థం కానిదేమీ కాదు. ఒక్కో దేశంలోని పిల్ల కంపెనీ తన లెక్కలు తన కరెన్సీలో మాకు పంపేది. ఆస్తులనూ అప్పులనూ జూన్ చివరి రోజు మారకపు రేటుతో, అమ్మకాలనూ ఖర్చులనూ ఆర్నెల్ల సగటు రేటుతో ఒకే కరెన్సీలోకి మార్చేవాళ్లం. తర్వాత గ్రూపు అనే ఈ కుటుంబం లోపలి వ్యవహారాలన్నీ తీసేసేవాళ్లం. మా ఫరీదాబాద్ ఫ్యాక్టరీ దుబాయ్‌లోని మా కంపెనీకే గీజర్లు అమ్మితే అది అమ్మకం కింద లెక్క కాదు. వంటింట్లో గిన్నె హాల్లోకి తెచ్చి పెట్టినట్టే. ఆ గీజర్లు దుబాయ్ గోడౌన్‌లో ఉన్నంతకాలం వాటి మీద వేసుకున్న లాభం కూడా చెల్లదు. బయటివాడు ఎవడో వచ్చి కొన్నప్పుడే అది లాభం.

ఈ నియమం నాకు ఎంతో నచ్చేది. తనను తాను పొగుడుకోవడాన్ని ఇంత నిర్దాక్షిణ్యంగా కొట్టేసే పద్ధతి నేను మరెక్కడా చూడలేదు. కులాలూ మతాలూ కూడా ఏడాదికి రెండుసార్లు ఇలా తమ గొప్పల్లోంచి సొంతవాళ్ల పొగడ్తలు తీసేసి చూసుకుంటే ఎంత మిగులుతుందో చూడాలని ఉండేది. ఇప్పటికీ ఉంది.

నేను పెరిగిన ఊళ్లో ప్రతి ఆదివారం గ్రంథాలయం వెనక గదిలో చర్చ జరిగేది. జ్యోతిషం, శ్రాద్ధకర్మలు, వితంతు వివాహం, ఏదైనా సరే. అక్కడ ఒక నియమం. ఎదుటివాడి వాదాన్ని అతనికన్నా బాగా చెప్పగలిగాకే ఖండించడానికి నోరు తెరవాలి. ఆ నియమం నన్ను చాలా వాదాల్లో గెలిపించింది. ఒక్క వాదంలో మాత్రం అదే నా నోరు కట్టేసింది.

ఫరీదాబాద్ ఫ్యాక్టరీలో లెక్కలు చూసే ఆయన తెలుగువాడు, నరసాపురం వైపు మనిషి. యాభై దాటిన వయసు. భార్య ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో నర్సు. నేను అన్నయ్యా అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవాడు. ఆయన ఆదివారం చర్చి మానడు, నేను ఆయన్ని ఆటపట్టించడం మానను. ఏటా జూలైలో ఆయన ఫ్యాక్టరీ లెక్కలు పంపిన మర్నాడే ఫోన్ వచ్చేది.

"తమ్ముడూ, మా ముక్క ఉంచారా?"

ముక్క అంటే నివేదిక చివర వివరణల్లో ఒక వాక్యం. భారతదేశపు వ్యాపారం (అంటే మాకు ఫరీదాబాదే) ప్రధానంగా సంవత్సరం రెండో సగంలో జరుగుతుందని చెప్పే వాక్యం. ఉత్తరాదిలో గీజర్లు అమ్ముడయ్యేది దసరా దాటాక. మే నెలలో కుళాయి తిప్పితే ట్యాంకులోంచి వేడినీళ్లే వచ్చే ఊళ్లలో గీజరు ఎవడు కొంటాడు? కానీ ఫ్యాక్టరీ కరెంటు, జీతాలు నెలనెలా నడుస్తాయి. చలికాలంలో ఎలాగూ అమ్ముతాం కదా అని జనవరి నుంచి పెట్టిన ఖర్చును చలికాలానికి వాయిదా వేయకూడదు. ఏ నెల ఖర్చు ఆ నెలదే. అంచేత జూన్ చివరికి ఫరీదాబాద్ ఎప్పుడూ నష్టంలోనే కనిపించేది. డిసెంబరుకి లాభంలోకి వచ్చేసేది. ఆ సంగతి తెలియనివాడికి తెలియజెయ్యడానికే ఆ వాక్యం.

"మీ ప్రభువునే రాయమనకూడదా అన్నయ్యా?" అనేవాణ్ణి.

"ఆయన రాస్తాడయ్యా. నువ్వు కొట్టెయ్యకుండా ఉంటే చాలు."

ఆ ఏడు ప్రధాన కార్యాలయంలో మా నివేదికను పరిశీలించడానికి కొత్తగా ఒకావిడ వచ్చింది. మర్యాద గల మనిషి, చురుకైన మనిషి. ఫోన్ సమావేశంలో ఒక్కో వాక్యం చదువుతూ ఇది ఎందుకు, ఇది ఎవరికి అని అడిగింది. అలా అడిగే మనిషి అంటే నాకు మొదటినుంచీ గౌరవం. మా వాక్యం దగ్గర ఆగింది.

"వ్యాపారం ఋతువుల మీద ఆధారపడితే చెప్పమంటుంది నియమం. ఎవరి వ్యాపారం?"

"గ్రూపుది," అన్నాను.

"గ్రూపుకు ఋతువులు ఉన్నాయా? ఆస్ట్రేలియా లెక్కలు తీయండి."

తీశాను. మనకు వడగాడ్పులు కొట్టే జూన్‌లో అక్కడ చలి. ఫరీదాబాద్ ఎంత పడిపోతుందో మెల్‌బోర్న్ దాదాపు అంత లేస్తుంది. రెండూ కలిపితే మొదటి సగం, రెండో సగం సమానం. అన్ని దేశాలూ కలిపి చూసిన ఆ పత్రంలో ఎండాకాలం లేదు, చలికాలం లేదు. ఆవిడ వాదాన్ని ఆవిడకన్నా బాగా చెప్పగలను. గ్రూపు గురించి రాసే పత్రంలో గ్రూపుకు లేని లక్షణం రాయకూడదు. ఒక దేశానికి ఒక వాక్యం ఇస్తే ప్రతి దేశమూ ఒక వాక్యం అడుగుతుంది. క్లుప్తంగా ఉండాల్సిన నివేదిక విన్నపాల పుస్తకం అవుతుంది.

అయినా ఒక మాట అన్నాను. "పన్ను లెక్కలో మాత్రం ఏడాది మొత్తానికి పడబోయే రేటు అంచనా వేసి ఆర్నెల్లకు అదే వాడుతున్నాం కదా. పన్నుకు రాబోయే చలికాలం తెలుసు. ఫ్యాక్టరీకి తెలియకూడదా?"

ఆవిడ నవ్వింది. "బాగుంది. కానీ పన్నుకు నియమం అలా ఉంది. దీనికి అలా లేదు."

వాక్యం పోయింది. బయటికి వెళ్లే నివేదిక, దేశాలవారీ పట్టికతో బోర్డుకు వెళ్లే ప్రతి, రెండింటికీ వివరణల పుటలు ఒకే ఫైలులోంచి వెళ్లేవి. అక్కడ తీస్తే ఇక్కడా పోతుంది. భారతదేశం గురించి మేము విడిగా రాసిన వ్యాఖ్యానం ఏదో అటాచ్‌మెంట్‌గా వెళ్లింది. దాన్ని ఎవరైనా తెరిచారని నేను ఇప్పటికీ అనుకోను.

అన్నయ్య ఫోన్ వచ్చింది. ఉంచలేదని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను.

"ఆస్ట్రేలియాలో చలి వేస్తే ఫరీదాబాద్‌లో వేసినట్టేనా?" అన్నాడు.

"కలిపి చూస్తే అంతే అన్నయ్యా."

"ఎవరు తమ్ముడూ కలిపి చూసేది? నేను ఒక్కచోటే ఉంటానుగా." మళ్లీ ఆయనే, "కొత్త బాసు వచ్చాడంట. ఇదే మొదటి కాగితం అంట ఆయన చేతికి వెళ్లేది. ఈ ఒక్కసారన్నా ఉండాల్సిందయ్యా," అన్నాడు.

ఆయన భయం అదే. గ్రూపుకు అధిపతిగా ఆ వేసవిలోనే కొత్తాయన వచ్చాడు. చిన్న ఫ్యాక్టరీలను మూసెయ్యడంలో పేరున్నవాడు. ఫ్యాక్టరీ పోతే పుణేలోని మా ఆఫీసుకి వస్తావా అంటారు. భార్య ఉద్యోగం ఢిల్లీలో, పిల్ల పదో తరగతిలో. ఆ వయసులో వేరే చోట లెక్కల పని ఎవరిస్తారు?

బోర్డుకు వెళ్లే ఆ దేశాలవారీ పట్టికలో ఈ ఏడాది జూన్ అంకె పక్కనే నిరుటి జూన్ అంకె ఉంటుంది. పోల్చుకోవడానికి. కొత్తాయన పోల్చుకున్నాడు. ఈ జూన్ నష్టం, ఆ జూన్ నష్టం. ఫరీదాబాద్ రెండేళ్లుగా నష్టాల్లో ఉందని చదివాడు. మధ్యలో ఒక చలికాలం వచ్చి పోయిన సంగతి ఆ రెండు కాలమ్‌ల మధ్య ఎక్కడా లేదు. ఆగస్టులో కాగితం చూశాడు. దీపావళికి ముందే, గీజర్ల లారీలు బారులు తీరాల్సిన వేళకు, నిర్ణయం వచ్చేసింది. ఫరీదాబాద్‌లో భూమి ధర పెరగడమే అసలు కారణమని కొందరన్నారు. అయి ఉండవచ్చు. ఆధారం లేని మాట నేను అనను. కానీ మాకు వచ్చిన కాగితంలో మొదటి కారణంగా రాసింది రెండేళ్ల నష్టం అనే.

నష్టం ఎలా చదవాలో వివరిస్తూ మా ఆఫీసు నుంచి ఒక మెయిల్ వెళ్లింది. నేనే రాశాను. వాదం బిగువుగానే ఉంది. ప్రకటించిన నిర్ణయాన్ని వెనక్కి తీసుకోలేమని మర్యాదగా జవాబు వచ్చింది. మూఢనమ్మకాలంటే తాయెత్తులూ ముహూర్తాలూ మాత్రమేనని ఎన్నో ఏళ్లు రాశాను, మాట్లాడాను. కలిపిన అంకె విడి అంకెలకన్నా ఎక్కువ నిజమని నమ్మడం కూడా ఒక మూఢనమ్మకమేనని నాకు అంతకుముందు తట్టలేదు. ఆ సమావేశంలో తట్టి ఉంటే అనేవాణ్ణి. ఆవిడ వినే మనిషి కూడా. అదే ఇప్పటికీ బాధ.

ఆయన పుణే వెళ్లలేదు. ఢిల్లీలోనే, ఆర్.కె. పురంలో ఒక ట్యూషన్ సెంటర్‌లో కామర్స్ చెప్పుకుంటున్నాడని తెలిసింది. నేను ఫోన్ చెయ్యాలనుకుంటూనే ఉండిపోయాను. మూసివేత మీద ఆయనతో వాదించడానికి ఏముంది, ఓదార్చడం నాకు చేతకాదు.

మరుసటి ఏడు ఆగస్టులో, మా నివేదిక కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టిన కొన్నాళ్లకు, ఆయనే చేశాడు. మూసేసిన వ్యాపారాన్ని మిగతావాటితో కలపకూడదని నియమం. లాభనష్టాల పట్టికలో దానికి విడిగా ఒక వరుస ఇవ్వాలి. వివరణల్లో దాని అమ్మకాలు, ఖర్చులు, పన్ను, అన్నీ దానివే విడిగా చూపించాలి. ఫరీదాబాద్‌కు ఆ ఏడు దాదాపు అరపేజీ వచ్చింది.

"తమ్ముడూ, చూశాను. ఈసారి మా ముక్క ఉంచారు."

"ఉంచాం అన్నయ్యా."

"ఆవిడ కొట్టెయ్యలేదా?"

"కొట్టెయ్యడానికి వీల్లేదు. రూలు."

"అచ్ఛా," అన్నాడు. వెనక పిల్లలెవరో హిందీలో గొడవ చేస్తున్నారు. వాళ్లను ఉండమన్నాడు. ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను.

"ఆస్ట్రేలియాలో ఇప్పుడు చలేగా?"

"చలే అన్నయ్యా."

"బాగా పోతున్నాయా?"

"బాగానే పోతున్నాయి."

"పోనీలే," అన్నాడు.